మార్గిట్ దీవిని పోగొట్టిన గడియారం

నేను ఒక ఓడ గడియారాన్ని. ఇప్పుడు నార్వేలో ఓ చిన్న మ్యూజియంలో, అద్దాల పెట్టెలో ఉంటున్నాను. నా సాయంతో మార్గిట్ దీవిని కనుగొన్నారని ముందున్న చీటీలో రాశారు. ఆ దీవి కొన్నాళ్లు లేకుండా పోయిందీ నా వల్లేనని రాయలేదు. చీటీల మీద మనుషులు మంచి మాటలే రాస్తారు.

నన్ను కొన్న కెప్టెన్ టోర్గైర్ సీల్ జంతువుల వేటకు ఉత్తరాన మంచు సముద్రంలోకి వెళ్లేవాడు. ఓడ తూర్పు పడమరల్లో ఎక్కడుందో నేను చూపే సమయాన్ని బట్టే లెక్క కట్టాలి. నేను పది నిమిషాలు తప్పితే అక్కడ అరవై కిలోమీటర్లు తప్పినట్టే. అందుకే రోజూ ఉదయం ఎనిమిదింటికి నాకు కీ ఇచ్చి, ఇచ్చానని కెప్టెన్‌తో చెప్పడం ఆయన సహాయకుడు ఆస్లాక్ పని.

ఒక వేసవిలో పొగమంచు విడిపోయి, ఎదురుగా నల్లటి కొండచరియలు, వాటి నడుమ సముద్రంలోకి దిగిన మంచునది, లక్షల పక్షులు కనిపించాయి. ఏ పటంలోనూ లేని నేల. కాలు పెట్టకముందే కెప్టెన్ దానికి తన భార్య పేరు పెట్టేశాడు. పక్షుల్ని ఎవరూ అడగలేదు.

అక్కడే ఆస్లాక్ తమ్ముడు ఐవిన్ జ్వరంతో పోయాడు. గడ్డకట్టిన నేలను గునపాలతో తవ్వి పూడ్చి, శిలువ నాటారు. సూర్యుడు అస్తమించని రోజులవి. ఎప్పుడు తెల్లవారిందో ఆస్లాక్‌కు తెలియలేదు. కీ ఇచ్చే వేళ దాటిపోయి నేను ఆగిపోయాను. తర్వాత చూసుకుని హడలిపోయి, అంచనాగా ముళ్లు తిప్పి, కీ ఇచ్చానని చెప్పేశాడు. నాకు నోరున్నా, అతని ముఖం చూశాక నిజం చెప్పేదాన్ని కాదు.

ఆ సమయంతోనే కెప్టెన్ దీవి ఎక్కడుందో లెక్కకట్టాడు. రేవు చేరాక నేను పది నిమిషాలు తప్పు చూపిస్తే, తిరుగు దారిలో చలికి అలా అయిందనుకుని దీవి లెక్కను ముట్టుకోలేదు. తర్వాత వెళ్లిన రెండు ఓడలకు అక్కడ ఉత్త నీళ్లే కనిపించాయి. టోర్గైర్ మబ్బును చూసి దీవి అన్నాడని రేవంతా నవ్వింది. పటం నుంచి దీవిని కొట్టేశారు. తొమ్మిదేళ్లు ఆయన నలుగురిలో తలెత్తుకోలేకపోయాడు.

తమ్ముణ్ణి పూడ్చిన నేలే లేదని జనం అంటుంటే ఆస్లాక్ తట్టుకోలేకపోయాడు. ఒక మధ్యాహ్నం కెప్టెన్ ఇంటికొచ్చి, నా ఎదుటే అంతా చెప్పేశాడు.

"ఆ రోజు కీ నేనివ్వాల్సింది. నీ చేత ఇప్పించాలనుకోవడమే తప్పు," అన్నాడు కెప్టెన్.

నాకు ఆ మనిషి మీద ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను. ఇద్దరూ పాత లాగ్‌బుక్ ముందేసుకుని, ఆ పది నిమిషాలూ సరిచేసి, లెక్క మళ్లీ కట్టారు. మరుసటి వేసవిలో ఒక సర్వే ఓడ ఆ లెక్క పట్టుకుని వెళ్లింది. కొత్త పటం కెప్టెన్ ఇంటికొచ్చింది. ఆయన దాన్ని విప్పకుండానే ఆస్లాక్ వైపు జరిపాడు.

"శిలువ కూడా గుర్తు పెట్టారట. ముందు మీ తమ్ముడెక్కడున్నాడో చూసుకో. నా దీవి ఎక్కడికీ పోదులే."