బిగిసిన తాడు

ఎల్లారావు పడవ తాడును ఇనపగుంజకు ఇంకో చుట్టు వేసి, చటుక్కున పక్కకు తప్పుకున్నాడు. బిగిసే తాడుకు ఎదురుగా అతను ఎప్పుడూ నిలబడడు. విజయవాడ రేవులో టూరిస్టు పడవలు కట్టే పనిలో చేరినప్పటి నుంచీ అంతే. తోటివాళ్లు నవ్వుతారు. నవ్వనీ అనుకుంటాడు.

పొట్టి మనిషి. అరచేతుల నిండా తాడు ఒరుసుకుపోయిన మచ్చలు. పెద్ద ఓడల్ని లాగే నౌకాదళం టగ్గు దిగి ఏళ్లయినా, కాళ్లు ఎడంగా వేసి నడిచే అలవాటు పోలేదు.

ఎగువన వానలు. కృష్ణ ఎర్రగా పొంగుతోంది. బ్యారేజీ గేట్లన్నీ ఎత్తారు. ఆ హోరు పొద్దుటి నుంచీ ఆగలేదు. తాడు తెగితే పడవ నేరుగా గేట్ల మీదికే పోతుంది.

ఒడ్డున బల్ల మీద శౌరయ్య మొక్కజొన్న పొత్తు తింటూ కూర్చున్నాడు. అదే టగ్గులో ఇంజను చూసిన మనిషి. గుండె డాక్టరు కోసం బందరు నుంచి వచ్చినప్పుడల్లా రేవుకు రాకుండా వెళ్లడు. టగ్గు కబుర్లంటే అతనికి ప్రాణం. మేడంత యుద్ధనౌకను తమ చిన్న టగ్గు లాక్కురావడం, ఇంజను వేడికి చొక్కాలు ఆరేసుకోవడం, అల ఊపుకు పులుసుగిన్నె బోర్లాపడితే తోటి నావికుడు నతానియేలు ఉత్త అన్నం తింటూనే పాటలు పాడటం. ఎల్లారావు ఊఁ కొడతాడు. నతానియేలు పేరు రాగానే చూపు తాడు మీదికి పోతుంది.

ఈవేళ శౌరయ్య ఇన్నేళ్లూ అడగనిది అడిగాడు.

"బావా, ఆరోజు నేను కింద ఇంజను దగ్గరున్నా. నతానియేలు కేకేశాడా?"

ఎల్లారావు అరచేతి మచ్చలు రుద్దుకున్నాడు.

"కేకెయ్యడానికి టైమేదీ. ముందు తాడు మూలిగింది. వాడు అటు తిరిగాడు. తెగి కొట్టేసింది. అక్కడే పోయాడు."

"అయితే నెప్పి తెలీలేదన్నమాట." శౌరయ్య ఊపిరి వదిలాడు. "నాకదే భయం బావా. ఆసుపత్రి మంచం మీద నెప్పితో, రోజుల తరబడి..."

ఎల్లారావు ఏదో అనబోతుంటే యజమాని లక్ష్మీకాంత్ ఫోను చేశాడు. పెద్ద పడవకు రెండో తాడు వెయ్యమన్నాడు.

వెయ్యాలంటే బిగిసిన తాడు పక్కనుంచే పోవాలి. ఎల్లారావు రెండో తాడు చుట్ట భుజాన వేసుకున్నాడు. అడుగు వెయ్యగానే తాడు మూలిగింది, అచ్చం ఆనాటిలాగే. వెనక్కి తిరిగితే పడవ పోతుంది. ముందుకు వంగి, దాదాపు పాకుతూ వెళ్లాడు. ముడి రెండుసార్లు జారింది. మూడోసారి బిగిసింది. వరద తోసింది. పడవ ఊగి, నిలబడింది.

తాడు తెగలేదు.

తడిసిన బట్టలతో, నవ్వుతూ ఒడ్డుకొచ్చాడు. "తెగలేదు శౌరీ," అన్నాడు.

శౌరయ్య బల్ల వెనకున్న స్తంభానికి ఆనుకుని నదివైపే చూస్తున్నాడు. కునుకు పట్టిందనుకుని భుజం తట్టాడు ఎల్లారావు. తల పక్కకు వాలింది. ఊపిరి లేదు. ఎవరూ ఏ కేకా వినలేదు.

జనం పోగయ్యారు. ఆటోలో ఎక్కించారు. ఎల్లారావు కూడా ఎక్కి, ఆ తల ఒళ్లో పెట్టుకున్నాడు.

బల్ల మీద సగం తిన్న మొక్కజొన్న పొత్తు మిగిలింది. దాని పక్కనే ఎల్లారావుకని తెచ్చిన ఇంకొకటి, ముట్టుకోనిది, చల్లారకుండా ఆకులోనే చుట్టి ఉంది.