కమలక్క గొంతు పోయిన శీతాకాలం

ఒక్క నిమిషం ఆగండి. ఫోన్ పక్కన పెట్టేసి, టీ ఉంటే చేతిలోకి తీసుకుని నేను చెప్పేది మొత్తం వినండి, మధ్యలో లేచి వెళ్ళొద్దు. ఇది గొంతు పోయిన ఒక మిషనరీ కథ. వినగానే అయ్యో అనిపిస్తుంది గానీ, నిజానికి అంత అయ్యో అనుకోవాల్సిన కథ కాదు.

ఆ మిషనరీ మా కమలక్క. పూర్తి పేరు కమలాకుమారి, ఊరు నరసాపురం దగ్గర. మునిర్కా, బేర్ సరాయ్, కటవారియా సరాయ్ అద్దె గదుల్లో ఉండే తెలుగు పిల్లల మధ్య సేవ చెయ్యమని అక్కడి సంఘం ఆవిడని ఏడాదిన్నర కిందట ఢిల్లీకి పంపింది. నా పేరు ప్రీతి, ఇక్కడే యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుతున్నాను. మునిర్కాలో అక్క గదికి సరిగ్గా పై గది నాది, కాబట్టి ఆవిడ గొంతు గురించి నాకు తెలిసినంత ఎవరికీ తెలీదు.

అబ్బ, ఏం గొంతు అది. గోదావరి గట్టు మీద నిలబడి కీర్తన ఎత్తుకుంటే పడవల్లో వాళ్ళు కూడా తల తిప్పి చూసేవారట. బహిరంగ సభల్లో కరెంటు పోయి మైకు ఆగిపోతే అక్కనే ముందుకు తోసేవారట. అలాంటి గొంతుని తీసుకొచ్చి మునిర్కా గదిలో పెట్టారు. ఇక్కడ మన బాల్కనీలోంచి పక్క బిల్డింగ్ వాళ్ళకి పంచదార డబ్బా చేత్తో అందించొచ్చు, అంత దగ్గర. అక్క పాట మొదలెట్టగానే పక్కవాళ్ళు గోడ కొట్టేవారు, కింద నుంచి ఓనర్ ఆంటీ "దీదీ, థోడా ధీరే", కొంచెం మెల్లగా, అంటూ మెట్లెక్కి వచ్చేది. అక్క సరే సరే అని నవ్వి, తరవాతి చరణం ఇంకొంచెం గట్టిగా అందుకునేది. ఆ తరవాత గంటన్నర వాక్యం, అంటే బైబిల్ ప్రసంగం. వినేవాళ్ళం ముగ్గురం: నేను, సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే హాసిని, సివిల్స్‌కి ప్రిపేర్ అవుతున్న వరంగల్ కిరీటి. కిరీటి బైబిల్ కింద ఫోన్ పెట్టుకుని కరెంట్ అఫైర్స్ చదువుకునేవాడు. అక్కకి అది కనపడేది, అయినా ఏమీ అనేది కాదు, గొంతు మాత్రం ఇంకా పెంచేది.

నవంబర్ వచ్చింది. ఢిల్లీ నవంబర్ గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు, ఎదురుగా ఉన్న వాటర్ ట్యాంకు కూడా పొగలో కనపడదు. ఆ పొగలోనే అక్క హాస్టళ్ళ చుట్టూ తిరుగుతూ, ఆటోల హారన్ల మీదుగా అరిచి మాట్లాడుతూ, ఒక ఆదివారం ప్రార్థన మధ్యలో ఆగిపోయింది. నోరు కదులుతోంది, మాట రావట్లేదు. డాక్టర్ చూసి స్వరపేటిక బాగా వాచింది, క్రిస్మస్ దాకా ఒక్క మాట కూడా మాట్లాడొద్దు, గుసగుసలు కూడా వద్దు, మాట వినకపోతే ఈ గొంతు మళ్ళీ ఇలా ఉండదు అని చెప్పేశాడు.

నరసాపురం నుంచి పాస్టర్ శశిధర్ అయ్యగారు ఫోన్ చేశారు. అక్క మాట్లాడలేదు కాబట్టి స్పీకర్ పెట్టి నేనే పట్టుకున్నాను. చాలా ప్రేమగానే మాట్లాడారు పాపం. బైబిల్ స్కూల్ పూర్తి చేసిన మన సంఘం తమ్ముడు ఒకడు సిద్ధంగా ఉన్నాడమ్మా, క్రిస్మస్ కల్లా నీ గొంతు రాకపోతే వాణ్ణి పంపిస్తాం, నువ్వు ఇంటికొచ్చి విశ్రాంతి తీసుకో, అని. ప్రేమగా అన్నా వెనక్కి రమ్మనడం వెనక్కి రమ్మనడమే కదా. ఫోన్ పెట్టేశాక అక్క తన సెల్‌లో ఏదో టైప్ చేసి నా వైపు తిప్పింది.

"నా దగ్గర ఉన్నది అదొక్కటే కదే. ఆయన అదే తీసేసుకున్నాడు."

అయ్యగారు కాదు, దేవుడు. అక్క ఆ తరవాత కూడా రోజూ మోకాళ్ళ మీద ప్రార్థనలో ఉండేది గానీ, లేచాక మొహంలో ఏమీ ఉండేది కాదు, ఎవరూ లేని ఇంటి తలుపు కొట్టి తిరిగొచ్చిన మనిషిలా ఉండేది. నిజం చెప్పాలంటే గొంతు పోయినదానికంటే నాకు అదే ఎక్కువ భయం వేసింది.

ఇక్కడే హాసిని రంగంలోకి దిగింది. మా క్రైస్తవుల్లో ఒక మర్యాద ఉంది: ఎవరి గురించైనా ప్రార్థన అంశం పెట్టినప్పుడు వివరాలు రాయకూడదు, రాస్తే అది ప్రార్థన కాదు, చాడీ అయిపోతుంది. హాసిని చాలా మర్యాదగల పిల్ల. అందుకని తెలుగు ఫెలోషిప్ వాట్సాప్ గ్రూపులో ఇలా పెట్టింది: "కమలక్క ఆరోగ్యం కోసం అత్యవసరంగా ప్రార్థించండి. వివరాలు ప్రభువుకు తెలుసు." కింద నాలుగు ఏడుపు బొమ్మలు. ఇప్పుడు చూడండి, వివరాలు ప్రభువుకు తెలుసు అని చదివితే మా వాళ్ళకి జలుబో దగ్గో తట్టదు, తక్కువలో తక్కువ క్యాన్సర్. ఆ మెసేజ్ గురుగ్రామ్ గ్రూపుకి వెళ్ళింది, అక్కణ్ణుంచి తెలుగు విద్యార్థుల సంఘానికి వెళ్ళింది, చర్చి మొహం చూడని వాళ్ళు కూడా మునిర్కా అడ్రస్ అడగడం మొదలుపెట్టారు.

శనివారం పొద్దుటికల్లా జనం. కిరీటి కొబ్బరిబోండాలు తెచ్చాడు. బేర్ సరాయ్ మెస్‌లో తినే కుర్రాళ్ళు నలుగురు కిచిడీ క్యారేజీ పట్టుకొచ్చారు. బ్రెడ్డు ప్యాకెట్లు, యాపిల్స్, దానిమ్మలు గుట్ట పడ్డాయి. గురుగ్రామ్ నుంచి రాజీవ్, ప్రవల్లిక అనే భార్యాభర్తలు కారులో ఏకంగా ఆక్సిజన్ మెషీన్ వేసుకొచ్చారు. రాజీవ్ దాన్ని రెండు చేతులా ఎత్తుకుని మూడంతస్తులు ఎక్కి, రొప్పుతూ, తలుపు తీసిన మనిషిని పేషెంట్ ఏ గదిలో ఉన్నారండీ అని అడిగాడు. తలుపు తీసింది అక్కే. తనని తాను చూపించుకుంది. ఆ క్షణంలో ఆక్సిజన్ అవసరమైనవాడు రాజీవే.

అక్క గొంతు చూపించి, మాట్లాడకూడదు అన్నట్టు చెయ్యి ఊపింది. అది చూసి ప్రవల్లిక భోరుమంది, గొంతు క్యాన్సర్ అని ఖాయం చేసుకుంది. వాపేనండీ, తగ్గిపోతుందండీ అని నేను అందరికీ చెప్తూనే ఉన్నాను, పాపం ధైర్యం చెప్తోంది అన్నట్టు నా భుజం తట్టారు. మెట్ల మీద చెప్పులు చూసి ఎవరో పోయారనుకుని ఓనర్ ఆంటీ కూడా పైకొచ్చి, తల మీద చున్నీ కప్పుకుని ఒక మూల కూర్చుంది.

సరే, పరామర్శకి వచ్చినవాళ్ళు వెంటనే లేచిపోతే బాగుండదు కదా. అక్క అందరికీ టీ పెట్టింది. క్యాన్సర్ మనిషి చేత టీ పెట్టించుకుంటున్నామని సగంమందికి గొంతు దిగలేదు. గదిలో ఎవరూ మాట్లాడట్లేదు. మామూలుగా అయితే ఆ గదిలో ఖాళీ ఉండదు, అక్క నింపేస్తుంది. ఇప్పుడు ఆ ఖాళీ అలాగే ఉంది, మనిషన్నవాడు దాన్ని ఎంతసేపు భరిస్తాడు?

మెస్ కుర్రాళ్ళతో వచ్చిన సుధీంద్ర భరించలేకపోయాడు. ఆదోని వాడు. మా సంఘంతో ఏ సంబంధమూ లేదు, మెడలో తులసిమాల, క్యారేజీ మొయ్యడానికి తోడొచ్చాడంతే. మా అమ్మకి కూడా ఒకసారి గొంతు పట్టేసిందక్కా అని మొదలుపెట్టాడు. అమ్మ దగ్గర్నుంచి నాన్న దగ్గరికి, నాన్న దగ్గర్నుంచి సివిల్స్ రిజల్ట్ దగ్గరికి వెళ్ళిపోయాడు. మూడోసారి కూడా పోయిందట. ఇంట్లో చెప్పలేదట. లిస్టులో పేరు వచ్చిందనుకుని నాన్న వీధిలో అందరికీ చెప్పేశాడట. రోజూ లైబ్రరీకి వెళ్ళి పుస్తకం తెరవకుండా కూర్చుని వస్తున్నాడట. చెప్పి ఆగిపోయాడు.

నేను అక్క వైపు చూశాను, కిరీటి చూశాడు, హాసిని చూసింది. ఇలాంటి చోట అక్క దగ్గర వాక్యం సిద్ధంగా ఉంటుంది, దాని వెనక ఇంకో మూడు ఉంటాయి. అక్క నోరు తెరిచింది, మూసేసింది. తన పీట జరుపుకుని వాడి పక్కన కూర్చుని, గ్లాసులో మళ్ళీ టీ పోసి, వాడి మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. వాడు ఇంకా చెప్పాడు. టీ చల్లారిపోయేదాకా చెప్పాడు.

"ఇంతసేపు నన్ను ఎవరూ మాట్లాడనీలేదక్కా," అన్నాడు చివరికి. "అందరూ సగంలోనే సలహా ఇచ్చేస్తారు."

మర్నాడు ఆదివారం. సుధీంద్ర మళ్ళీ వచ్చాడు, ఇంకొకణ్ణి వెంటబెట్టుకుని. అసలు విషయం తెలిసి రాజీవ్ సిగ్గుపడుతూ ఆక్సిజన్ మెషీన్ తీసుకెళ్ళడానికి వచ్చి, టీకి కూర్చుని, ఆఫీసులో తనని తీసేస్తారేమోనన్న భయం బయటపెట్టాడు, అది ప్రవల్లికకి కూడా అప్పుడే తెలిసింది. ఆ పై ఆదివారానికి గదిలో చోటు చాలక కొందరు మెట్ల మీద కూర్చున్నారు. హాసిని మెల్లగా ఒక పాట పాడేది, ఎవరో ఒకరు బైబిల్లోంచి కొంచెం చదివేవారు, తరవాత ఎవరి మాట వాళ్ళు. అక్క వండి పెట్టేది, వినేది. గోల తగ్గిందని ఓనర్ ఆంటీకి మహా సంతోషం. మధ్యాహ్నాలు పైకొచ్చి తన మోకాళ్ళ గురించి, కోడలి గురించి అచ్చమైన హర్యాణా భాషలో గంటలు గంటలు చెప్పుకునేది. అక్కకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అయినా ఆంటీ కిందికి దిగేటప్పుడు తేలిగ్గా దిగేది.

"అక్కా, ఏమనుకోకు, నువ్వు మాట్లాడకుంటే కూడిక మస్తున్నది," అన్నాడు కిరీటి ఒకరోజు. అక్క గరిటె తీసుకుని వెంటపడింది.

ఆ సాయంత్రం నా వైపు సెల్ తిప్పింది. "కిరీటికి చెల్లెలుందని నాకు తెలీదే. ఏడాదిన్నర నుంచి వస్తున్నాడు." ఇంకేమీ టైప్ చెయ్యలేదు. కానీ మోకాళ్ళ మీద నుంచి లేచినప్పుడు ఆ మొహం వేరే. ఇదివరకు అక్క ఢిల్లీ పట్టణాన్ని రక్షించు ప్రభువా అని పెద్ద పెద్ద ప్రార్థనలు చేసేది. ఇప్పుడు లోపల లోపలే కిరీటి చెల్లెలి సీటు, రాజీవ్ ఉద్యోగం, సుధీంద్ర నాన్న, ఆంటీ మోకాళ్ళు. పెదవులు కదులుతుంటే నేను పోల్చుకునేదాన్ని. అవతల ఎవరో వింటున్నారని నమ్మకం ఉన్న మనిషే అలా ఒక్కో పేరు విడిచిపెట్టకుండా అడుగుతుంది.

క్రిస్మస్ ఇంకో వారం ఉందనగా వంటింట్లోంచి, "ప్రీతీ, ఇంగువ అయిపోయిందే," అని వినపడింది. నేను వస్తున్నానక్కా అనేసి, సగం మెట్లు దిగాక ఆగిపోయాను. కిందికి వెళ్ళి చూస్తే అక్క పొయ్యి ముందు నోటి మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. ఇద్దరం ఎంత నవ్వామో, పోపు మాడిపోయింది.

అయ్యగారికి చెప్పాం. ఆయన పొంగిపోయి వెంటనే ఏర్పాటు చేసేశారు: క్రిస్మస్ ఆరాధన ఫోన్‌లో లైవ్ పెట్టండి, సంఘపెద్దలందరూ కూర్చుని చూస్తారు, కమల పూర్వంలాగే ప్రసంగం చెయ్యాలి, అది వింటే ఇంక తమ్ముణ్ణి పంపే మాట ఎవరూ ఎత్తరు, అని. ఓనర్ ఆంటీ డాబా ఇచ్చింది, కానీ గంటసేపే, తరవాత అక్కడ వాళ్ళ చుట్టాల పెళ్ళి పని ఉంది. సరిగ్గా ఆ సాయంత్రమే సుధీంద్ర వచ్చాడు. నాన్నకి నిజం చెప్పేస్తానక్కా, ఒక్కణ్ణే ఉంటే చెప్పలేను, క్రిస్మస్ రోజు మీరందరూ ఉన్నప్పుడు చెప్తాను, నాకు కాస్త టైమ్ ఇవ్వండి అని అడిగాడు. అక్కకి గొంతొచ్చిందని వాడికి ఇంకా తెలీదు.

వాడు వెళ్ళాక నేను అక్కతో గట్టిగా వాదించాను. వాడికి పది నిమిషాలిచ్చి మిగతాది ప్రసంగం చెయ్యి, ఇది నీ ఢిల్లీ కోసం, నీ సేవ కోసం అన్నాను.

"వాడు పది నిమిషాల్లో చెప్పే రకం కాదే," అంది అక్క. "మొదలెట్టడానికే పావుగంట పడుతుంది."

క్రిస్మస్ పొద్దున డాబా మీద పల్చటి ఎండ. స్టాండ్ మీద ఫోన్, ఫోన్‌లో శశిధర్ అయ్యగారు, ఆయన వెనక తెల్లబట్టల్లో వరసగా సంఘపెద్దలు. అక్క లేచి నిలబడింది. వందనాలు, దేవుడు నా గొంతు తిరిగి ఇచ్చాడు అంది. డాబా అంతా చప్పట్లు, స్క్రీన్ మీద అయ్యగారి మొహం వెలిగిపోయింది. సుధీంద్ర మాత్రం తల దించుకున్నాడు, ఇంక తన వంతు రాదనుకున్నాడు.

"ఈరోజు నేను ప్రసంగం చెయ్యట్లేదు," అంది అక్క. "సుధీంద్రా, రా నాన్నా."

వచ్చి వాడి ముందు జంపఖానా మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. వాడు మొదలెట్టడానికి నిజంగానే పావుగంట పట్టింది. తరవాత స్పీకర్ పెట్టి నాన్నకి ఫోన్ చేసి మొత్తం చెప్పాడు. చివరికి ఆ నాన్న, అక్కడ నీ పక్కన ఎవరన్నా ఉన్నారా నాయనా అని అడిగాడు. వాడు తలెత్తి డాబా చుట్టూ చూసి, శానామంది ఉండారు నాయనా అన్నాడు. అప్పటికే ఆంటీ వాళ్ళ చుట్టాలు షామియానా కర్రలతో మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు, కానీ ఎవరూ తొందరపెట్టలేదు.

ఆరాధన ముగిసి గంట గడవకముందే అయ్యగారి ఫోన్.

"కమలా, మన మిషనరీ ప్రసంగం ఏదీ అని పెద్దలు అడుగుతున్నారమ్మా. ఏం చెప్పను?"

"మధ్యలో ఎవరన్నా లేచి వెళ్ళారా అయ్యగారూ?"

"లేదు," అన్నారాయన. "కానీ ఇద్దరికి బాగా కోపంగా ఉంది. తమ్ముడికి టికెట్ కూడా తీసేశాం."

"పంపండి, ఇక్కడ పని ఇద్దరికి సరిపడా ఉంది. అతనికి వంట వచ్చా?"

అయ్యగారు నవ్వేశారు. నవ్వారు గానీ మాటివ్వలేదు. అక్క ఉండాలా రావాలా అన్నది కొత్త సంవత్సరంలో పెద్దల కూటం తేలుస్తుంది. అక్క మాత్రం అప్పుడే ఆ తమ్ముడు పడుకోవడానికి మడతమంచం కోసం బేర్ సరాయ్ అంతా గాలిస్తోంది, పాడుకుంటూ, పక్కవాళ్ళు మళ్ళీ గోడ కొట్టేంత గట్టిగా. హాసిని ఏమో, ఒక్క గంట ప్రసంగం చేసేసి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు, సుధీంద్రకి తరవాత గదిలో టైమ్ ఇవ్వొచ్చుగా అంటోంది. కిరీటి ఏమో, తరవాత అంటే వాడు వచ్చేటోడే కాదు అంటున్నాడు. వీళ్ళిద్దరూ ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. మీరు చెప్పండి, పోయిన గొంతు తిరిగొచ్చి, చేతిలో ఒక్క గంటే ఉండి, ఫోన్‌లో పెద్దలు, ఎదురుగా సుధీంద్ర ఉంటే, మీరైతే ఏం చేసేవాళ్ళు?