గోడకు కట్టిన పేరు

అయినా పేరు పెట్టడంలో తప్పేముంది, అని సుధామణి మళ్ళీ మొదటికే వచ్చింది. ఒక పిల్ల చచ్చిపోయింది. ఆ పిల్ల పేరు పార్కుకు పెట్టారు. ఇందులో ఎవరికి నష్టం? పొద్దుటి నుంచీ ఈ మాటల్నే అటు తిప్పి ఇటు తిప్పి అనుకుంటోంది. ప్రతిసారీ చివరి ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి లోపల ఏదో పంటి కింద రాయిలా తగులుతోంది.

పప్పు పొంగి పొయ్యి ఆరిపోయింది. గ్యాసు కట్టేసి అలాగే నిలబడింది. ముందున్న కొట్టులోంచి భర్త శివప్రసాద్ గొంతు వినిపిస్తోంది. ఒకరితో హిందీ, ఇంకొకరితో ఆదివాసీల దోర్లీ, బేరం తెగాక తనలో తాను వేసుకునే లెక్క తెలుగులో. సిమెంటు, ఇనుము, రేకులు. ఏ భాషలో మాట్లాడినా అతని నవ్వు మాత్రం ఒకటే. పెళ్ళయిన కొత్తలో ఆ నవ్వు తన ఒక్కదానికోసమే అనుకునేది.

పార్కు ఊరి చివర, శబరి నది ఒడ్డున ఉంది. నగర పంచాయతీ కట్టించింది. రేపు పొద్దున దాని ప్రారంభోత్సవం, లోకార్పణ్ అంటారిక్కడ. కలెక్టరు వస్తున్నాడు. గేటు పక్క గోడ మీద రాసిన పేరుకు తెర కడతారు. ఆ తెర లాగాల్సింది సుధామణి, ఎందుకంటే ఆ పేరు సూచించింది ఆమే. బుధ్రి ఉద్యాన్.

ఈసారి వార్డు ఆడవాళ్ళకు వచ్చింది కాబట్టి ఆమె పార్షద్ అయింది, అంటే వార్డు సభ్యురాలు. పోస్టర్లలో ఆమె ఫొటో చిన్నది, శివప్రసాద్ ఫొటో పెద్దది. గెలిచాక ఊళ్ళో అతన్ని పార్షద్ సాబ్ అన్నారు. ఆమెను పార్షద్ సాబ్ వాళ్ళావిడ అన్నారు. మీటింగుల్లో ఆమె కుర్చీలో కూర్చుంటే అతను వెనక బెంచీ మీద కూర్చుంటాడు. మిగతా ఆడ పార్షద్‌ల భర్తలూ అంతే. చెయ్యి ఎత్తాల్సి వచ్చినప్పుడు అతను కాలితో ఆమె కుర్చీని ఒకసారి తడతాడు. ఆమె ఎత్తుతుంది. దాన్ని ఎవరూ వింతగా చూడరు. ఆమెకూ అలవాటైపోయింది. ఆ తట్టు వచ్చేదాకా మనసును ఖాళీగా ఉంచుకోవడం ఒక రకం విశ్రాంతి. అంత విశ్రాంతి మనిషికి మంచిది కాదేమోనని అప్పుడప్పుడు అనిపించేది. అనిపించిన కాసేపటికి టీ వచ్చేది.

పార్కు పేరు నిర్ణయించిన రోజు కూడా అలాగే మొదలైంది. బట్టల కొట్టు భీమశంకరం అందరికంటే పెద్దవాడు. ఆయనే ముందు లేచాడు.

"మా నాయన ఈ ఊళ్ళ మొదటి బట్టల దుకాణం పెట్టిండు. అప్పటిదాంక ఇక్కడ చొక్కా తొడిగినోడు లేడు. ఆయన పేరు పెట్టాలె."

"బస్టాండు మరుగుదొడ్డికి ఇంక పేరు పెట్టలే కద దాదా, అది ఖాళీనే," అన్నాడు వెనక నుంచి ఎవరో.

అందరూ నవ్వారు. భీమశంకరం కూడా నవ్వబోయి ఆగి, "మీ తాతల పేర్లకు ఉంచిన్లే దాన్ని," అన్నాడు.

పంచాయతీ అధ్యక్షుడు దుర్గేశ్ రాయపూర్ నాయకుడి పేరు తెచ్చాడు. ఆ నాయకుడి పేరు అప్పటికే రోడ్డుకూ నీళ్ళ ట్యాంకుకూ ఉందని అవతలి పార్టీవాళ్ళు అరిచారు. ఒకరు దేవత పేరన్నారు. ఒకరు చనిపోయిన జవాను పేరన్నారు, ఏ జవాను పేరో మాత్రం తేలలేదు, ఊళ్ళో అలా పోయినవాళ్ళు చాలామంది ఉన్నారు. అలా వాదన సాగుతుంటే సుధామణి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

బయట టార్పాలిన్ కింద సోమ్లీ వాళ్ళు కూర్చుని ఉన్నారు. సోమ్లీ కూతురు బుధ్రి. పార్కు పనిలో మాలు కలిపి అందించేది. వాన పడిన మర్నాడు కట్టిన గోడ కట్టినట్టే పక్కకి ఒరిగి పిల్ల మీద పడింది. తర్వాత శవాన్ని ఈ పంచాయతీ ఆఫీసు ముందు పెట్టారు. దహనం అయ్యాక కూడా వాళ్ళు లేవలేదు. నినాదాలు లేవు, జెండాలు లేవు. గోడ ఎట్లా పడిందో చెప్పమన్నారు, అంతే. అడిగి, కూర్చున్నారు.

ఆ కూర్చోవడాన్ని చూస్తూ సుధామణి నోరు తెరిచింది. కుర్చీకి తట్టు రాలేదు. అయినా తెరిచింది.

"ఆ పిల్ల పేరు పెడితే?"

కుర్చీ మాట్లాడినట్టు దుర్గేశ్ ఆమెకేసి చూశాడు. తర్వాత అతని మొహంలోకి మెల్లగా వెలుగొచ్చింది.

"వాహ్ భాభీజీ! బుధ్రి ఉద్యాన్. ఆదివాసీ బేటీకి సమ్మాన్. ఇన్ని రోజులు ఈమెను ఎందుకు మాట్లాడనియ్యలే శివప్రసాద్ భాయ్?"

అప్పుడు వచ్చింది తట్టు. కుర్చీ కాలికి, మెత్తగా. ఆమె చెయ్యెత్తింది. అందరూ ఎత్తారు. భీమశంకరం కూడా, కొంచెం ఆలస్యంగా. దుర్గేశ్ బయటికి వెళ్ళి టార్పాలిన్ ముందు చేతులు జోడించాడు. సాయంత్రానికి టార్పాలిన్ తీసేశారు. గోడ సంగతి ఆ తర్వాత ఎవరి నోటా రాలేదు.

ఆ రోజు ఇంటికి వచ్చే దారంతా ఆమెకు ఒళ్ళు తేలిగ్గా ఉంది. తన గొంతు తనకే వినిపించింది, అది అంత చెడ్డగా లేదు.

నిన్న మధ్యాహ్నం సోమ్లీ పెరటి గుమ్మం దగ్గరికి వచ్చింది. భేజ్జి దగ్గరి పల్లె వాళ్ళది. అడవిలో కాల్పులకు ఊళ్ళు ఖాళీ అయిన రోజుల్లో ఇక్కడికి వచ్చి ఊరి అంచున గుడిసె వేసుకున్నారు.

"నీ దగ్గరికే వచ్చిన షావుకారమ్మా. పేరు పెట్టింది నువ్వేనంట కద."

సుధామణికి సిగ్గేసింది. కృతజ్ఞత చెప్పడానికి వచ్చిందనుకుంది. దానికి తగినట్టు మొహం సర్దుకుంది కూడా. ఆ సర్దుకున్న మొహం తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు జలదరిస్తోంది.

"కూర్చో సోమ్లీ. టీ పెడతాను."

"టీ వద్దు. దాన్ని మాకిచ్చెయ్."

"దేన్ని?"

"పేరును."

సుధామణికి అర్థం కాలేదు. సోమ్లీ గుమ్మం మీద కూర్చుని, మొండి పిల్లకు చెప్పినట్టు చెప్పింది.

"నా కొడుక్కు ఆడపిల్ల పుట్టింది. మా వాళ్ళల్ల పేరు ఊరికే పెట్టరమ్మా. ఆకు దొప్పల నీళ్ళు పోస్తరు. రెండు బియ్యపు గింజలు ఏస్తరు. పోయినోళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిలుస్తరు. ఎవల పేరుకు గింజలు కలుస్తయో వాళ్ళు మళ్ళ ఇంటికొచ్చినట్టు. అందర్ని పిలిచినం. మా అత్తను పిలిచినం, మా నాయన చెల్లెను పిలిచినం. కలువలే. బుధ్రిని పిలిస్తే ఒక గింజ ఇటు, ఒక గింజ అటు పోయినయి. మళ్ళ పిలిచినం. రాలే."

"నీళ్ళు కదిలి ఉంటాయి."

"నీళ్ళు కదల్లే. అది పని మీద ఉంది." సోమ్లీ గొంతు పెంచలేదు. "పొద్దుగూకినంక కూడా మీరు దాన్ని ఇంటికి పంపలే. ఆ గోడకే కట్టేసి నిలబెట్టిండ్రు. ఎల్లుండి నుంచి వచ్చేటోళ్ళు పోయేటోళ్ళు అందరు బుధ్రి బుధ్రి అంటరు. పిలిచినప్పుడల్ల అది పలకాలె. ఇగ ఇంటికెట్ల వస్తది? పిల్ల పాలు పడ్తలేదు. పేరు లేని పిల్లను ఏమని పిలిచి పాలియ్యాలె?"

"పేరు తీసేస్తే అందరూ దాన్ని మరిచిపోతారు సోమ్లీ. కనీసం గుర్తుగా..."

"అందరికెందుకు గుర్తుండాలె? దానికి మీరేమైతరు?"

సోమ్లీ లేచి, పెరటి తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెళ్ళిపోయింది.

గింజల్ని సుధామణి నమ్మలేదు. నిన్నంతా ఆ నమ్మకపోవడాన్నే పట్టుకుని ఉంది. కానీ సోమ్లీ చివర అడిగిన దానికి నమ్మకంతో పని లేదు.

మధ్యాహ్నం శివప్రసాద్ భోజనానికి వచ్చాడు. ఆమె వడ్డిస్తూ, సోమ్లీ వచ్చిన సంగతి చెప్పింది.

"ఏమండీ, ఆ పేరు మార్పించండి. దుర్గేశ్‌తో మీరు చెప్తే వింటాడు."

"ఏంది సుధా, పిచ్చా? రేపు కలెక్టర్ సాబ్ వస్తుండు. కార్డులు పోయినయి. పెట్టింది నువ్వే కద?"

"తెలియక పెట్టాను."

"తెలియక చేసినా మంచి పనే చేసినవ్." పప్పులో నెయ్యి వేసుకుని కలుపుతూ అన్నాడు. "ఆ పేరు గోడ మీద ఉన్నన్ని రోజులు ఆ గోడ ఎట్ల పడ్డదని ఎవడూ అడగడు. నువ్వు ఆ రోజు నోరు తెరవకుంటే మన పని ఏమయ్యేదో. ఇంకొంచెం అన్నం పెట్టు."

బెదిరించలేదు. మెచ్చుకున్నాడు. ఇంటి కష్టం గట్టెక్కించిన ఇల్లాలిని మెచ్చుకున్నట్టే. ఆమె అన్నం పెట్టింది.

మన పని. ఆ మాట విన్నాక, ఇంతసేపూ పంటి కింద తగులుతున్న రాయి ఏదో ఆమెకు తెలిసింది. తెలియడం కాదు, తెలిసిందని ఒప్పుకుంది. వానాకాలం మొదట్లో గోదాము రేకు కారి సిమెంటు సంచులు గడ్డకట్టాయి. పనివాళ్ళు ఆ గడ్డల్ని సమ్మెటతో పగలగొట్టి, జల్లించి, కొత్త సంచుల్లో నింపారు. ఆమే వాళ్ళకు మజ్జిగ తీసుకెళ్ళింది. చచ్చిన సిమెంటు అది, ఇసుకతో సమానం. ఆ కొట్టులో ఇన్నేళ్ళు ఉన్న మనిషికి అంతమాత్రం తెలియదా? సంచులు ట్రాక్టరెక్కి పార్కు వైపు వెళ్ళడం చూసింది. గోడ పడిందని విన్నప్పుడు ఆమెకు మొదట గుర్తొచ్చింది పిల్ల కాదు, సమ్మెట చప్పుడు.

మీటింగులో తట్టు రాకుండానే నోరు తెరిచింది నిజమే. కానీ నోట్లోకి వచ్చింది సంచుల మాట. బయటికి వచ్చింది పేరు. ఆ రెంటి మధ్య ఎంత తక్కువ చోటుంది! అంత తక్కువ చోటులో లోపలి మనిషి ఎంత చురుగ్గా పని చేసింది! జాలి అనుకున్నది మూత. దాన్ని అందరికంటే ముందు గుర్తుపట్టింది శివప్రసాద్, అందుకే ఆ రోజు తట్టు అంత మెత్తగా తగిలింది.

అతను చెయ్యి కడుక్కుని కొట్టులోకి వెళ్ళాడు. ఆమె తినలేదు. కంచం బోర్లించి, చెప్పులు వేసుకుని పెరటి దారిన బయటపడింది.

పార్కులో ఎవరూ లేరు. జారుడుబల్లకు ఇంకా ప్లాస్టిక్ కాగితం చుట్టే ఉంది. కలెక్టరు నడిచే దారి పొడుగునా రాళ్ళకు సున్నం కొట్టారు. కోస అనే రంగులవాడు బకెట్టూ కుంచే గోడ దగ్గర వదిలి, కొంచెం దూరాన నీడలో అన్నం మూట విప్పుకుని కూర్చున్నాడు. మళ్ళీ కట్టిన గోడ తెల్లగా ఉంది. దాని మీద నీలం రంగులో, హిందీలో, మనిషెత్తు అక్షరాలు. బు, ధ్రి. బడిలో చదువుకోని పిల్ల పేరు అంత పెద్దగా.

పేరు కింద గోడకు చెయ్యి ఆనించింది. చల్లగా ఉంది. ఇక్కడే కదా, అనుకుంది. అనుకున్నా ఏడుపు రాలేదు. ఏడుపు వస్తే దాన్ని కూడా నమ్మేది కాదు.

ఇది కూడా తనకోసమేనా? ఆ రోజు పేరు పెట్టి ఒళ్ళు తేలిక చేసుకున్నట్టు, ఈ రోజు తుడిచి తేలిక చేసుకుంటుందా? కావచ్చు. గింజలు కలుస్తాయో లేదో తెలియదు. పిల్ల పాలు తాగుతుందో లేదో తెలియదు. రేపు కలెక్టరు ముందు బోసి గోడ నిలబడితే, ఇదేమిటని ఎవరో ఒకరు అడుగుతారు. అప్పుడు సంచుల మాట నోట్లోకి మళ్ళీ వస్తుంది. ఈసారి దాని బదులు చెప్పడానికి చేతిలో ఇంకో పేరు ఉండదు. ఒళ్ళు తేలిగ్గా మాత్రం లేదు. ఆ ఒక్కటే ఆమెకు కొంచెం నమ్మకంగా తోచింది.

వంగి కుంచె తీసుకుంది.

"దీదీ, అది అయిపోయింది," అన్నాడు కోస, ముద్ద నోట్లో ఉండగానే. "అక్కడ సున్నం వద్దు. పేరు పోతది."

ఆమె కుంచెను బకెట్లో ముంచింది.

కోస లేచి నిలబడ్డాడు. "అయ్యో దీదీ, ఏం చేస్తున్నవ్? రేపు అధ్యక్ష్ జీ నన్ను తన్నుతడు. ఎవలు చేసిండ్రంటే నేనేం చెప్పాలె?"

"నా పేరు చెప్పు."

"పార్షద్ సాబ్ వాళ్ళ..."

"సుధామణి. సుధామణి అని చెప్పు."

మొదటి అక్షరం మీద కుంచె ఆనించి పైనుంచి కిందికి లాగింది. సున్నం మోచేతి దాకా కారింది. తడి కింద నీలం ఇంకా కనిపిస్తూనే ఉంది. ఎండితే గాని తెలుపు రాదు. ఆమె కుంచెను మళ్ళీ బకెట్లో ముంచింది.