విరగాల్సిన కుర్చీ

నేను చేసిన కుర్చీ విరక్కపోతే నా పరువు పోతుంది. ఈ మాట మిగతా వడ్రంగులకు అర్థం కాదు. ఎర్రగడ్డలో మా బావమరిది టేకు కుర్చీలు చేసి, మూడు తరాలు కూర్చోవచ్చని గొప్పలు చెప్పుకుంటాడు. నా కుర్చీ ఒక్క దెబ్బకే పోవాలి. ఆ ఒక్క దెబ్బ కోసమే ఫిల్మ్‌నగర్‌లో ఫైట్ మాస్టర్లు నా షెడ్డు ముందు బండ్లు ఆపుతారు.

మాది నిర్మల్ వైపు. అక్కడ బొమ్మలు చెక్కే పొనికి కర్రే నా బతుకుదెరువు. వెడల్పాకుల చెట్టు కాబట్టి పుస్తకాల్లో దీన్ని కూడా హార్డ్‌వుడ్‌లోనే కలిపేశారట. రాసినాయన ఒకసారి గోరు గుచ్చి చూడాల్సింది. ఉలికి ఎదురు చెప్పని కర్ర ఇది. విరిగితే టేకులా పొడుగు పేళ్లు లేవవు. పచ్చిగా ఉంటే మాత్రం వంగుతుందే తప్ప విరగదు. అందుకని బాగా ఎండబెడతాను. మేకు తగలనివ్వను, అంతా జిగురే. దెబ్బ పడే చోట లోపలివైపు రంపంతో సగం దాకా కోసి, పైన టేకు రంగు వేస్తాను. సగానికి తగ్గితే వీపు పగులుతుంది, సగం దాటితే కుర్చీ నిలబడదు. ఆ సగం ఎక్కడో నా చేతికి తెలుసు. ఇంతవరకు ఒక్కరి వీపు కూడా గీరుకుపోలేదు.

మొన్న శ్రీకృష్ణ మాస్టర్ ఫోన్ చేశాడు. "నర్సింహా, హీరోయిన్‌కి డూప్‌గా మీ అమ్మాయిని పెడుతున్నాను. కుర్చీ దెబ్బ తనకే. షాట్ బాగా చేస్తే నా టీమ్‌లోకి తీసుకుంటాను. రెండు కుర్చీలు తెచ్చెయ్."

నా బిడ్డ నిహారిక ఈ మాట కోసమే ఏళ్ల తరబడి ఒళ్లు హూనం చేసుకుంది. ఇంట్లో అందరం సంబరపడ్డాం. కానీ మర్నాడు షెడ్డులో రంపం పట్టుకుంటే నా కళ్లకు నిహారిక వీపే కనిపించింది. ఒక కుర్చీ ఎప్పటిలాగే కోశాను. రెండోదానికి సగం దగ్గర ఆగలేకపోయాను.

షూటింగ్ జూబ్లీహిల్స్‌లో ఒక బంగళా హాల్లో. లోతుగా కోసిన కుర్చీనే ముందు పెట్టాను. యాక్షన్ అనగానే ఫైటర్ ఓంప్రకాష్ దాన్ని పైకెత్తాడు. కాలు అతని చేతిలో ఉండిపోయింది, మిగతాదంతా నేలమీద పడింది. యూనిట్ మొత్తం నవ్వింది. డైరెక్టర్ మానిటర్ ముందు నుంచి విసురుగా లేచాడు.

"ఏంటి నర్సింహా, ముట్టుకుంటేనే ఊడింది?" అన్నాడు మాస్టర్. "టైమ్ లేదు. ఇంకో అమ్మాయి ఉంది, ఫోమ్ కుర్చీ కూడా రెడీగా ఉంది, అలా షాట్ తీసేద్దామా?"

నిహారిక కింద కూర్చుని విరిగిన ముక్కను తిప్పి చూసింది. నా షెడ్డులో పెరిగిన పిల్లకు కోత చూస్తే తెలియదా?

"బాపూ, అందరి పిల్లలకు సగం కోసినవు. నా కాడికొచ్చేసరికి భయపడ్డవా?"

దాని చేతిలోని ముక్క తీసుకోబోయాను. ఇవ్వలేదు.

"నీ కర్రను నువ్వే నమ్మకుంటే గీళ్లు నన్నెట్ల నమ్ముతరు?"

ఆ మాట సూటిగా తగిలింది. సిగ్గేసింది. నన్ను చూసి నాకే కోపం కూడా వచ్చింది. "ఒక్క ఛాన్స్ ఇయ్యుండ్రి మాస్టర్" అని బండి దగ్గరికి వెళ్లి రెండో కుర్చీ తెచ్చాను. నా చేతులతోనే ఓంప్రకాష్‌కు అందించాను.

అతను తటపటాయించాడు. "అన్నా, నీ బిడ్డ కదా. జర మెల్లగ కొడ్త."

"మెల్లగ కొడితే ఇది ఇరగదు తమ్మీ, దెబ్బ ఆమెకు తగుల్తది. ఉన్న బలమంత పెట్టి కొట్టు."

కన్నబిడ్డ గురించి ఏ తండ్రీ అనని మాట అనేసి, గోడవారన నిలబడ్డాను. కళ్లు మాత్రం మూసుకోలేదు.

కుర్చీ గాల్లోకి లేచి నా బిడ్డ వీపు మీద దిగింది. ఫెళ్లున చప్పుడై ముక్కలు హాలంతా చెదిరాయి. నిహారిక బోర్లా పడి, దొర్లి, లేచి నిలబడింది. కట్ వినిపించాక చప్పట్లు మొదలయ్యాయి. "రేపు పొద్దున్నే వచ్చెయ్ అమ్మా, టీమ్‌తో రిహార్సల్ ఉంది" అన్నాడు మాస్టర్.

అది జుట్టులోని పొట్టు దులుపుకుంటూ నా దగ్గరికి వచ్చి వీపు తిప్పింది.

"చూస్కో బాపూ, ఏమన్న గీరుకుందా?"

చూడాలని ప్రాణం కొట్టుకుపోతోంది. అయినా నేను అటు చూడలేదు.

"చూసుడెందుకు బిడ్డా?" అన్నాను. "కర్ర నాది."