పెట్టె తెరిచే సీను

పక్కింటి అమ్మాయి సినిమా తీస్తానంటూ వచ్చినప్పుడు పరుపులు కుట్టే ఆవిడ ముందు నవ్వేసింది. ఆ తర్వాత లోపలికి వెళ్లి మొహం కడుక్కుని, తల దువ్వుకుని వచ్చింది. పదహారేళ్ల పిల్ల. చేతిలో ఫోను, దాన్ని నిలబెట్టడానికో స్టాండు, లైటు పట్టుకోవడానికో స్నేహితురాలు. అంతే సరంజామా. కథేమిటని అడిగితే, పక్కపక్క ఇళ్లవాళ్ల గురించి పిన్నీ, మీరు మీలాగే ఉంటే చాలంది.

ఆవిడ తనలాగే ఉంది. చెప్పినట్టు కిటికీలోంచి చూసింది, చేతులు కడుక్కుంది, దబ్బనానికి దారం ఎక్కించి కొసను పళ్లతో కొరికింది. ఆమె భర్త దూది మూటను గడప దాటించాడు. ఇంకా బరువుగా ఉన్నట్టు ఈడ్చండి బాబాయ్ అంటే, పేరుమోసిన నటుడిలా రొప్పుతూ మళ్లీ ఈడ్చాడు.

మూడోరోజు మధ్యాహ్నం మంచం కింది రేకుపెట్టె ఆ పిల్ల కంటపడింది. అందులో ఏముందని అడిగింది. పన్నెండేళ్లుగా ఆ మాట అడిగినవాళ్లు లేరు. ఆవిడ చెప్పింది. ఒక బాబు పుట్టాడనీ, నాలుగు నెలలకే జ్వరం వచ్చి పోయాడనీ, వాడి చొక్కాలూ టోపీ దాచుకున్నాననీ. పిల్ల కళ్లు చెమర్చాయి.

"ఒక్కసారి తెరుస్తారా పిన్నీ? వాడి గుర్తుగా తీసి పెడతాను."

ఆవిడ తెరిచింది. చిన్న చొక్కాను ముక్కుకు ఆనించుకుని, ఎన్నాళ్లుగానో లోపలే కుక్కుకున్నదంతా వెళ్లగక్కినట్టు ఏడ్చింది. ఎదురుగా ఫోనుందన్న సంగతే మరిచిపోయింది.

బడి హాల్లో గోడకు తెల్ల దుప్పటి కట్టి సినిమా వేశారు. వీధి వీధంతా కదిలొచ్చింది. మొగుడూ పెళ్లాలకు ముందు వరసలో కుర్చీలు. పది నిమిషాలు గడిచేసరికి ఆవిడకు విషయం బోధపడింది. సినిమాలో ఒక అమ్మాయికి పక్కింటి దంపతుల మీద అనుమానం. వాళ్లు ఈడ్చే మూటలో ఉన్నది దూది కాదు. ఆవిడ కడుక్కుంటున్నది నెత్తురు. పరుపుల్లో పెట్టి కుట్టేస్తున్నది తప్పిపోయిన పిల్లల్ని. చివర్లో పెట్టె తెరుచుకుంది. చంపిన పిల్లల బట్టలు వాసన చూసి రాక్షసి మురిసిపోయే ఘట్టమది. ఆవిడ ఏడుపును సాగదీసి, గొంతు మార్చి నవ్వులా చేశారు. హాలంతా జడుసుకుని, ఆ వెంటనే పగలబడి నవ్వి చప్పట్లు కొట్టింది. పక్కనే కూర్చున్న భర్త కూడా కొట్టాడు.

మర్నాడు ఆవిడ వాళ్లింటికి వెళ్లి నిలదీసింది. ఉత్త సినిమాయే కదా వదినా, అందరికన్నా నువ్వే బాగా చేశావంటున్నారు అని పిల్ల తల్లి సర్దిచెప్పబోయింది. పిల్ల మాత్రం ఏమీ దాచలేదు.

"ముందే చెబితే మీరలా ఏడ్చేవారా పిన్నీ?"

ఆనాటి నుంచి వీధి పిల్లలు గోడ మీంచి తొంగిచూడటం, కేక పెట్టి పారిపోవడం. ఎదురింటి బాలింత ఆవిణ్ణి చూడగానే పసిబిడ్డను కొంగుచాటున దాచి నవ్వేది. భర్తకేమో ఇదంతా పండగలా ఉంది. గేటు దగ్గర నిలబడి దబ్బనం ఎత్తి కళ్లురిమేవాడు. ఇదేం పని అని ఆవిడ అడిగితే, ఇన్నేళ్లలో మనల్ని పలకరించిన దిక్కెవరే, ఇప్పుడు పలకరిస్తున్నారుగా అన్నాడు.

నెల తిరక్కుండా పిల్ల మళ్లీ వచ్చింది. పోటీకి పంపాలట. పెట్టె సీనులో వెలుతురు చాల్లేదు, ఇంకోసారి తీయాలట. పెళ్లాన్ని అడక్కుండానే భర్త సరేనన్నాడు. తనే వంగి పెట్టెను బయటికి లాగాడు.

ఆవిడ కూర్చుంది. చొక్కా చేతిలోకి తీసుకుంది. ఏడుపు రాలేదు. ఉల్లిపాయ కోసి కళ్ల దగ్గర పెట్టారు. కళ్లు ఎర్రబడ్డాయి గానీ ఏడుపు మాత్రం రాలేదు. చివరికి పిల్ల వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"బాబు పేరేంటి పిన్నీ? ఆ పేరు పెట్టి ఒక్కసారి పిలవండి. అదే వస్తుంది."

భర్త చెప్పబోయాడు. ఆవిడ అతనివైపు చూసింది. ఆ చూపుకి అతని నోరు మూతపడింది.

"పేరు పెట్టకముందే పోయాడు."

నాలుగు నెలల పాటు రోజుకు నూరుసార్లు పిలుచుకున్న పేరది.

పిల్ల నిట్టూర్చి, సరే పాతదే పంపిస్తానులే అని స్టాండు మడిచింది. ఆ పాతదానికే బహుమతి వచ్చింది.