పదకొండు నిమిషాల వార్త

తొమ్మిదిన్నరకు డిగ్రీ పరీక్ష. ఎనిమిదింటికి నా ఫోన్‌కు ఒక లెటర్ ఫొటో వచ్చింది, పరీక్ష వాయిదా అని. సంతకం ఉంది, ముద్ర ఉంది, తేదీ ఉండాల్సిన చోటు మాత్రం కత్తిరించినట్టుంది. ఇరవై రెండేళ్లుగా పత్రికకు యూనివర్సిటీ వార్తలు రాస్తున్నదాన్ని, ఆ మాత్రం అనుమానం రాదా? పరీక్షల అధికారికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు.

మా వెబ్‌సైట్ ఎడిటర్ వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు.

"మూడు సైట్లు పెట్టేశాయి మేడం. మనం ఇంకా గుడ్లప్పగించి చూస్తున్నాం."

"ముందు ఆయన్ని ఫోనెత్తనివ్వు బాబూ."

"ఇదేమన్నా పేపరా, అచ్చయ్యాక వెనక్కి తీసుకోలేకపోవడానికి? తేడా వస్తే తీసేద్దాం. పెట్టండి."

ఒళ్లు మండింది. మండుతూనే నా పేరుతో పెట్టాను. గోడమీది తెరపై చదువుతున్నవాళ్ల అంకె వందల నుంచి వేలకు ఎగబాకింది.

పదకొండు నిమిషాలకు అధికారి ఫోన్ చేసి అరిచాడు. అది నిరుటి లెటర్. పరీక్ష ఇవాళే. వెంటనే తీసేశాను.

"చూశారా, మచ్చ కూడా మిగల్లేదు," అన్నాడు ఎడిటర్.

తొమ్మిదీ నలభైకి చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, పరీక్ష ఉందంటగా! పిల్ల సగం దారిలో బస్సు దిగి ఇంటికొచ్చేసింది. ఇప్పుడు గేటు మూసేశారంట."

"ఆ దిక్కుమాలిన సైట్లని ఎందుకు నమ్మింది?" అన్నాను.

"వాటిని నమ్మలేదక్కా. పెద్దమ్మ రాసేదాకా బస్సు దిగలేదు."