హేజెల్ కన్న పెయ్య

"ఒక్క ట్యాగు సరిగ్గా వెయ్యలేకపోయావు కదే! మంద పరువంతా తీశావు" అంటూ వెర్లిన్ కాగితం బల్లమీద పడేశాడు. దూడల పాలబకెట్లు తోముతున్న మార్లిస్ చెయ్యి తుడుచుకుని దాన్ని అందుకుంది.

పెయ్య తోక వెంట్రుకలు జన్యు పరీక్షకు పంపింది వెర్లినే. పెయ్య ఎంత ఎదుగుతుందో, ఎన్ని పాలిస్తుందో తేలితే దాని తల్లి, తన ముద్దుల ఆవు డచెస్‌కి పేరొస్తుంది, శనివారం వచ్చే ఆసామి ఆ ఆవుని కళ్లు మూసుకుని కొంటాడు. తేలింది. మందలో దాన్ని మించింది లేదు. కానీ ఆ పరీక్ష తల్లి ఎవరో కూడా చెప్పేస్తుందని వెర్లిన్ మరిచిపోయాడు. తల్లి డచెస్ కాదు, హేజెల్. సోమవారం కసాయి లారీ ఎక్కాల్సిన హేజెల్.

మార్లిస్ కాగితం రెండోసారి చదివింది. ఈ విస్కాన్సిన్ కొట్టంలో ముప్పై ఏళ్లుగా ప్రతి దూడకీ ఒళ్లు ఆరకముందే చెవికి ట్యాగు వేసింది తనే. ఆ రెండు ఆవులూ ఒకేరోజు ఈనాయి. తనే పొరబడిందా? అయితే ఏడాదిగా పడ్డ మాటలన్నీ తన చేతులారా తెచ్చుకున్నవేనా? "నీ హేజెల్ కన్నదాన్ని చూడు, పిల్లికూనలా ఉంది. అచ్చం నీ పోలికే. మన పిల్లలు పొట్టివాళ్లయింది ఎవరివల్లనుకున్నావ్?" అని వెర్లిన్ అందరి ముందూ నవ్వేవాడు. "వాళ్ల వైపు ఎముకే లేదురా" అని అత్తగారు బంగాళాదుంపలు వడ్డించుకుంటూ అందుకునేది.

కొట్టంలోకి పరుగెత్తి పెయ్య చెవి పట్టుకుంది. ట్యాగు చెవి కొసన వేలాడుతోంది. తనెప్పుడూ అక్కడ వెయ్యదు. తను వేసే చోట, రెండు నరాల మధ్య, మానిపోయిన పాత రంధ్రం వేలికి తగిలింది. ఆరోజు తను మొక్కజొన్న కోతకొచ్చినవాళ్లకి వండి వారుస్తుంటే, ఈ మనిషి ఇక్కడ ఒక్కడే ఉండి ట్యాగులు కత్తిరించి మార్చాడు. ఆ పిల్లికూనని కన్నది డచెస్!

మధ్యాహ్నం పశువుల సంఘం నుంచి కిర్‌స్టెన్ అనే అమ్మాయి పెయ్య తల్లి పేరు దిద్దే సవరణ పత్రం తెచ్చింది.

"మా ఆవిడకి మతిమరుపు" అన్నాడు వెర్లిన్ కాఫీ తాగుతూ. "పొరపాటు నాదేనని రాసి సంతకం పెట్టెయ్యవే. నిమిషం పని."

మార్లిస్ రాసి సంతకం పెట్టడానికి నిమిషం కూడా తీసుకోలేదు. కిర్‌స్టెన్ పైకి చదివింది: "రెండు దూడలకీ ట్యాగులు సరిగ్గానే వేశాను. వాటిని తర్వాత మార్చింది నా భర్త."

వెర్లిన్ కప్పు దించాడు. "నీకేమైనా పిచ్చెక్కిందా? శనివారం వచ్చే మనిషికి నేనేం చెప్పాలి?"

"నువ్వేం చెప్పక్కర్లేదు. ఆరోజు వంట నువ్వు చూసుకో" అంది మార్లిస్. "హేజెల్‌ని నేను చూపిస్తాను."